మసి అంటిన చోటే గీకాలి

డిసెంబర్ 2, మంగళవారం

మా ఆయన కుడిచేతి వేళ్ళ మీద రెండు బొబ్బలు. ఎక్కడ కాలిందో తెలియదంటున్నారు. ఉదయం టీ గిన్నెను బట్ట లేకుండా దించారు — నా ఎదురుగానే. అప్పుడు నేనూ గమనించలేదు. షుగరు వల్ల వేళ్ళు మొద్దుబారాయి. ఎప్పటినుంచో... చెప్పలేదు.

డిసెంబర్ 3, బుధవారం

ఎమ్మిగనూరు రోడ్డులోని పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు సేటు ఇంటికే వచ్చారు. పోయిన నెల ఈయన కూర్చిన బేరింగు వేడెక్కి పాడైంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

"ఇంగొక్క తూరి సూస్తా ఆచారీ. ఈ తూరీ కాలిందంటే మిషన్నే పాత ఇనుముకు ఏసేస్తా. నీకూ నాకూ ఆడికి సరి."

అంత పాత యంత్రానికి బేరింగు అంగట్లో దొరకదు. మెత్తటి తెల్ల లోహం కరిగించి పోసి, తిరిగే ఇరుసుకు సరిగ్గా అమరేలా చేత్తో గీకాలి. ఆ పని చేసే మనిషి ఆదోనిలో ఇప్పుడు ఈయన ఒక్కరే. మిగతావాళ్ళు పోయారు, లేదా మానుకున్నారు.

సేటు వెళ్ళాక ఏమైందని అడిగాను. వేళ్ళ మీది బొబ్బలు చూసుకున్నారు. తర్వాత — "మిషను నడిపిచ్చి బేరింగు మీద సెయ్యి పెట్టి సూసినా. సల్లగుండె. సల్లగుందని సెప్పి వచ్చేసినా..."

చల్లగా లేదు. చేతికి తెలియలేదు.

డిసెంబర్ 5, శుక్రవారం

షాపుకు నేనూ వస్తానన్నాను. "నువ్వొచ్చి ఏం సేస్తావే ఆడ? ముగ్గేస్తావా?" అన్నారు. తాళంచెవి మాత్రం నా చేతికే ఇచ్చారు.

దీపం మసిని నూనెలో కలపాలి. ఇరుసుకు పల్చగా పూయాలి. బేరింగును దాని మీద పెట్టి కాస్త తిప్పి తీయాలి. నల్లగా అంటిన చోటు ఎత్తు. అక్కడే గీకాలి. మళ్ళీ మసి. మళ్ళీ గీకుడు. ఇది ఆయన చిన్నప్పుడు తుపాకులు బాగుచేసే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఉస్తాద్ తుపాకీ లోపలి ముక్కలను దీపం మీద నల్లబరిచి, ఒకదానికొకటి ఆనించి, అంటిన చోట ఆకురాయితో ఒక్కటంటే ఒక్క రుద్దు రుద్దేవారట. ఉస్తాద్ పోయి చాలా కాలమైంది. ఆ కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

గీకే కత్తి కూడా ఆయన చేసుకున్నదే. అరిగిన ఆకురాయిని నూరి చేశారు. ఆయన తోస్తుంటే లోహం మినప్పొట్టులా లేస్తుంది. తోసేది భుజం — దానికేం కాలేదు. ఎత్తుపల్లాలు చూసేది వేలికొన. అదే పోయింది. అందుకని నా వేలు.

నేను మసి దట్టంగా పూశాను. బేరింగంతా నలుపే.

"కాటుక పెడ్తాండావా దానికి? అంత పూస్తే యాడజూసినా అంటినట్లే ఉంటాది. అబద్ధం సెప్తాది."

తుడిచి మళ్ళీ పూశాను. నాలుగుసార్లు.

డిసెంబర్ 6, శనివారం

నాకు లెక్క లేకపోతే తోచదు. బేరింగు మీద రూపాయి బిళ్ళ ఆనించి, అంతమేర ఎన్ని మసిచుక్కలు పడ్డాయో చూశాను. పొద్దున నాలుగు చుక్కలు. భోజనం వేళకు ఏడు. సాయంత్రం నాలుగు గంటలకు పదకొండు. చుక్కలు పెరిగేకొద్దీ బేరింగు ఇరుసుకు అంత సమంగా ఆనుతున్నట్టు.

"ముప్పై ఏండ్లల్లో ఒక్కనాడూ లెక్కబెట్లేదు నేను."

మరి ఎట్లా తెలుస్తుంది?

"సాలనిపిస్తే సాలు."

నవ్వొచ్చింది. ఇది ఏ పుస్తకంలో రాసుకోను? కానీ ఆరింటికి నేనింకా లెక్కపెట్టకముందే కత్తి కింద పెట్టి "సాలు" అన్నారు. బిళ్ళ ఎక్కడ పెట్టినా పద్నాలుగుకు తగ్గలేదు. కళ్ళు మూసుకుని వేలు ఆడించాను. ఎత్తు ఎక్కడా తగల్లేదు. ఇన్నేళ్ళు ఈయన చేసిన పని ఇదా... మధ్యాహ్నం క్యారియరు గుమ్మంలో ఇచ్చి వెనక్కి వచ్చేసేదాన్ని.

డిసెంబర్ 7, ఆదివారం

భుజాలు లేవడం లేదు. నేను గీకింది అరగంటే.

డిసెంబర్ 9, మంగళవారం

మిల్లులో, పత్తి బేళ్ళ పక్కన కూర్చుని రాస్తున్నాను. పొద్దున బేరింగు బిగించారు.

హమాలీ ఒకాయన — "ఏం ఆచారీ, అక్కను గూడా పనికి పెట్టినావా? కూలెంత?"

అందరూ నవ్వారు. ఈయన నవ్వలేదు. సేటు వైపు తిరిగి, "నా సేతి ఏళ్ళు మొద్దుబారినాయి సేటూ. పోయిన తూరి తప్పు మిషనుది గాదు, నాదే. వేడి ఈమె సూస్తాది" అన్నారు. అంతమందిలో. సేటు స్విచ్చు వేయమని చెయ్యి ఊపారు.

మిషను అరగంట ఉత్తగా నడిచాక బేరింగు మీద చెయ్యి పెట్టాను.

"ఎంత?"

"తోడు పెట్టే పాలంత."

"అంతుండొచ్చు. అది దాటకూడదు."

తర్వాత పత్తి పోశారు. ఇంకో అరగంటకు చూశాను. అంతే ఉంది. లేక పిసరు ఎక్కువా...

"ఎక్కిందా?"

"లేదనుకుంటా."

"అనుకుంటే గాదు."

మూడోసారి చూసి చెప్పాలి. ఎక్కిందంటే ఆపేస్తారు — మిల్లుతో ఈయన పని అంతటితో సరి. ఎక్కినా లేదంటే ఇరుసే కాలిపోతుంది. సేటు కుర్చీ తెప్పించుకుని బేరింగు ముందే కూర్చున్నారు. ఈయన తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

మూడోసారి చూడమని పిలుస్తున్నారు.