రెండు చరుపులు

ప్రియమైన అన్నయ్యా,

నేను పడవని రేవుకి లాక్కెళ్లే ట్రైలర్‌కి మరమ్మతు మొదలుపెట్టింది పడవ అమ్మడానికేనని అమ్మ నమ్మకం. పిన్ని అయితే, నేను చేసిన పాపం కడుక్కుంటున్నానని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది. ఈ ఇంట్లో నేనేం చేసినా, ఎందుకు చేస్తున్నానో నాకు తప్ప అందరికీ తెలుసు.

చేస్తున్నదల్లా పడవ అడుగున తిరిగే పన్నెండు రోలర్లూ పీకేసి, కార్పెట్ బిగించిన రెండు పొడుగాటి చెక్కలు వేయించడం. రోలర్ల మీద పడవ ఇట్టే జారుతుంది. చెక్కల మీదైతే నీళ్లు తేల్చేదాకా కదలదు.

"పడవ జారదమ్మా, నెట్టలేక చస్తావు. ఇందుకా డిగ్రీ చదివింది?" అన్నాడు వెల్డింగు షాపాయన.

"జారకూడదనే!" అన్నాను. టేపు తీసి కొలతలు తీసుకున్నాడు.

నాన్న పోయి రెండేళ్లయింది. రేవు వాలులో బండి స్టీరింగు దగ్గర నేను, ట్రైలర్ ముందు పడవని పట్టి ఉంచే హుక్కు దగ్గర నువ్వు, వెనక నాన్న. నేను గట్టిగా బ్రేకు వేసినందుకే పడవ జారి నాన్న మీద పడిందన్నారు. నేనూ నమ్మాను. ఇప్పటికీ షెడ్డులో ఖాళీ ట్రైలర్ రోలర్లు గాలికి వాటంతటవే తిరుగుతాయి. కిర్రు, కిర్రుమని. పడవ లేకుండానే ఏదో వాటి మీంచి జారిపోతున్నట్టు.

ఉంటాను,
నీ చెల్లి

*

నా గయ్యాళి చెల్లికి,

పిన్ని నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు, వదిలెయ్. బ్రేకు ఎవరైనా వేస్తారు. నేను నిన్ను ఒక్క మాటన్నానా?

కానీ ఆ ట్రైలర్ జోలికి పోకు. పాత ఇనుముకి ఇచ్చెయ్. కొత్తది నేను కొనిస్తాను. రేవుకి తీసుకెళ్లి వాలులో పెట్టి చూడటాలు అసలే వద్దు. హుక్కు తగిలించే ఉందని ఆ రోజే చెప్పాను కదా. తవ్వుకుంటే ఏమొస్తుంది? ఇక్కడ క్రేను పని తెమలడం లేదు, ఇప్పట్లో రాలేను.

మంచి కోరే
అన్నయ్య

*

అన్నయ్యా,

హుక్కు మాట నేనడగలేదు.

నువ్వు వద్దన్నాక, రోలర్లు తీయకముందే పడవ ఎక్కించి రేవుకి తీసుకెళ్లాను. షాపాయన పక్కన నిలబడి చూశాడు. హుక్కు తగిలించి పదిసార్లు బ్రేకు వేశాను, నా మెడ పట్టేసేంత గట్టిగా. పడవ కదల్లేదు. తర్వాత మూరెడు వదులుగా తాడు కట్టి హుక్కు తీశాను. బ్రేకు అక్కర్లేకపోయింది. మెల్లగా దిగుతుండగానే తాడు బిగుసుకునేదాకా జారిపోయింది.

పడవ వెనక భాగం నీళ్లు తాకాక నాన్న అరచేత్తో దాన్ని రెండుసార్లు చరిచేవాడు. అప్పుడే హుక్కు తీయాలి. నువ్వేమో కాళ్లు తడుస్తాయని వాలు పైనే తీసేసేవాడివి, తిట్లు తినేవాడివి. ఆ రోజు నీవి కొత్త బూట్లు.

ఆ రోజు నా పక్క అద్దం దించే ఉంది. చరుపులు వినబడలేదు. అంటే హుక్కు ఇంకా తీసి ఉండకూడదు. తీయలేదనే నువ్వన్నావు. నా బ్రేకే తప్పనుకున్నాను, రెండేళ్లు.

ఇప్పుడు చెక్కలు బిగించాం. హుక్కు తీసి వాలులో నిలిపితే పడవ వెంట్రుకవాసి కదల్లేదు. రోలర్లన్నీ గోనెసంచిలో కట్టి పడేశాను. అయినా షెడ్డులోకి వెళితే ఆ కిర్రు వినిపిస్తూనే ఉంది. నీకు అక్కడ మొదటి రోజు నుంచే వినిపిస్తోందనుకుంటాను.

రేపు పొద్దున నీ ఉత్తరమూ దీని నకలూ అమ్మకి చదివి వినిపిస్తాను. ఆదివారం పడవ నీళ్లలోకి దింపుతాం. హుక్కు దగ్గర అమ్మ నిలబడుతుంది. బండి నేను నడుపుతాను.

చెల్లి