అనవసరమైన వివరాలు

లిఫ్టు కంపెనీ ఫిర్యాదుల ఆఫీసరు గారికి,

నాలుగో అంతస్తు నుంచి నమస్కారం. ఇక్కడ మేమిద్దరం క్షేమం, లిఫ్టే క్షేమంగా లేదు. మీకు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని పాట పెట్టి పోతున్నారు. అందుకే కలం పట్టాను.

మా ఆయన సంగతి చెబితే గానీ లిఫ్టు సంగతి అర్థం కాదు. ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. కాలు నిలవదు. కుర్చీలో కూర్చోబెడితే అక్కడే బ్రేకులు తొక్కుతారు. మోకాలికి ఆపరేషనయింది, మెట్ల జోలికి వెళ్లొద్దన్నారు. ఎదురింటి కింది వాటాలో మా బావగారు, అంటే ఈయన అన్నగారు, పక్షవాతంతో మంచం మీదున్నారు. రోజూ సాయంత్రం ఈయన వెళ్లి ఏదో ఒక బస్సు కథ చెప్పాలి, ఆయన నవ్వాలి. ఆయనకి మాట పడిపోయింది గానీ నవ్వు పడిపోలేదు. లిఫ్టు ఆగినప్పటి నుంచీ ఈయన కిటికీలోంచి తువ్వాలు ఊపుతారు, ఆయన అటునుంచి చెయ్యి ఊపుతారు. నిన్న ఆ చెయ్యి లేవలేదు.

ఇక లిఫ్టు. మూడో అంతస్తు తలుపుంది చూశారూ, కట్టుడుపళ్లు కొత్తగా పెట్టించుకున్నవాళ్ల నోరులా పూర్తిగా మూతపడదు. అది అలా నోరు తెరిచిందంటే లిఫ్టు మొండికేస్తుంది. త్వరగా ఎవరినైనా పంపండి.

ఇట్లు,
నాలుగో అంతస్తు ఆవిడ

తా.క. ఈయన తిరిగి తిరిగి మా తివాచీ మీద రోడ్డు పడింది. గోడ దగ్గర హారను కూడా కొడుతున్నారు.

*

అమ్మా,

మీ ఉత్తరం అందింది. అందులో బస్సు, మోకాలు, బావగారు, తువ్వాలు, కట్టుడుపళ్లు ఉన్నాయి. ఫిర్యాదే కనబడలేదు. నా బల్ల మీద రోజూ గంపెడు ఉత్తరాలు. ఒక కాలు ఆఫీసులో, ఒక కాలు గుమ్మం బయట. కథలు చదివే తీరిక నాకెక్కడిది? అనవసరమైన వివరాలు ఎర్రసిరాతో కొట్టేశాను. చివరికి మిగిలింది ‘నమస్కారం’ ఒక్కటే. ఏం జరిగిందో, మేమేం చెయ్యాలో రెండు ముక్కల్లో రాయండి.

భవదీయుడు,
ఫిర్యాదుల ఆఫీసరు

తా.క. తా.క.లు కూడా వద్దు.

*

ఆఫీసరు గారికి,

నేను తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మాటలు కొయ్యడం నాకు మీరు నేర్పక్కర్లేదు. ఇదిగో:

లిఫ్టు ఆగింది. కదలిక లేదు. మా ఆయన పైన. అన్నగారు కింద కన్నీరు. నలుగురిని పంపండి. దించాలి.

ఇట్లు,
నా.అం. ఆవిడ

*

అమ్మా,

మీ ఉత్తరం చదివి ఆఫీసంతా లేచి నిలబడి మౌనం పాటించాం. అన్నేళ్లు బస్సు నడిపిన ఆ పెద్దమనిషి ఆత్మకు శాంతి కలగాలి. అయితే ఆయన పోవడానికీ మా లిఫ్టుకీ ఏ సంబంధమూ లేదని రాయమని మా వకీలు చెప్పారు, రాశాను. పూలగుత్తి పంపుతున్నాం. నలుగురు మనుషులు మాత్రం మా దగ్గర లేరు. మెకానిక్కులు ఇద్దరే, అందులో ఒకతను సెలవు.

తీవ్ర సంతాపంతో,
ఫిర్యాదుల ఆఫీసరు

తా.క. తా.క.లు వద్దన్నందుకు మన్నించండి. ఇలాంటి సమయంలో ఎన్నయినా రాసుకోండి.

*

ఆఫీసరు గారికి,

మీరు కోరినట్టు పొదుపుగానే రాస్తున్నాను. మీ సంతాపం పైకి చదివాను. మా ఆయన దిగ్గున లేచారు. పూలగుత్తి విసిరేశారు. అప్పట్నుంచీ ఒకటే నడక. కళ్లు ఎర్రబడ్డాయి. మీ కంపెనీవాళ్లు కనబడితే వదలరట.

ఇట్లు,
నా.అం. ఆవిడ

*

అమ్మా,

మీ ఉత్తరం మెకానిక్కుకి చదివి వినిపించడం నాదే బుద్ధితక్కువ. పనిముట్ల సంచీ ఇక్కడే పడేసి పరిగెత్తాడు. రెండో అతను సెలవు పొడిగించుకున్నాడు. నాకూ కునుకు లేదు. బల్ల సొరుగు కిర్రుమన్నా ఉలిక్కిపడుతున్నాను. పోయినవారు లేచి నడిస్తే ఏం చెయ్యాలో మా నిబంధనల్లో ఎక్కడా లేదు. పాపం, వారికి తీరని కోరిక ఏదైనా ఉందా? ఉంటే వివరంగా రాయండి. అనవసరమైనవి కూడా రాయండి.

భయభక్తులతో,
ఫిర్యాదుల ఆఫీసరు

తా.క. వారు లిఫ్టు లేకుండా దిగగలరా? మా ఆఫీసుకి ఎక్కాల్సిన మెట్లు కూడా లేవు.

*

నాయనా,

మా ఆయన పోలేదు. పక్కవాటా వాళ్లకి కూడా వినబడేంత గట్టిగా బతికున్నారు. నలుగురిని పంపమన్నది, కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించడానికి!

తంతితో ఎప్పుడూ ఇదే తంటా. మా రోజుల్లో ఒకాయన ‘అమ్మ కులాసా, ఆవు పోయింది’ అని ఇవ్వబోయి, కాస్త కలిసొస్తుందని మధ్యలో రెండు మాటలు కొట్టేశాడు. మిగిలింది చూసుకో. ఆవు పోతే ఊరు ఊరంతా అమ్మ కోసం ఏడుస్తూ దిగింది.

నవ్వుతూ రాస్తున్నాను గానీ ఇక్కడ నవ్వే పరిస్థితి లేదు. మా బావగారు నిన్నటి నుంచి తిండి ముట్టడం లేదు. నోటి దగ్గర ముద్ద పెడితే కళ్లతో మా కిటికీ వైపు చూపిస్తున్నారట. “కథ సగంలో ఆపి వచ్చానే. అది వినందే అన్నయ్యకి ముద్ద దిగదు” అని ఈయన ఒక్కచోట నిలవడం లేదు. మెట్ల మీంచి దూకైనా వెళతానంటున్నారు. నీకు కథ అనవసరం కావచ్చు నాయనా. అక్కడ ఒక మనిషి దానికోసం పస్తులుంటున్నాడు.

ఇట్లు,
నాలుగో అంతస్తు ఆవిడ

తా.క. నా మొదటి ఉత్తరం ఇంకా ఉంటే, ఆ ఎర్రసిరా కింద ఏముందో ఒక్కసారి చూడు.

*

పిన్నిగారికి,

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య నుంచి నమస్కారం.

నన్ను చూడగానే మీరు సంబరంగా మెట్లు దిగి బావగారికి చెప్పడానికి వెళ్లిపోయారు కదా, తర్వాత జరిగింది మీకు తెలీదు. రెండు ముక్కల్లో చెబితే ఏమవుతుందో చూశాం కాబట్టి మొదట్నుంచీ చెబుతాను.

మీ మొదటి ఉత్తరం దీపం దగ్గర పెట్టి, ఎర్రగీతల కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. కట్టుడుపళ్ల దగ్గర ఆగిపోయాను. పారిపోయిన మెకానిక్కుని పట్టుకొచ్చి చదివి వినిపిస్తే, “ఇంకేం సార్, మూడో తలుపే” అన్నాడు. మీ ఆయన మనిషేనని ఒట్టేసినా నమ్మక, “ముందు మీరు నడవండి” అన్నాడు. నడిచాను. మీ ఆయన తలుపు తీసి నన్ను తిట్టిన తిట్లు విన్నాకే అతనికి ధైర్యం వచ్చి పని మొదలుపెట్టాడు.

“కాసేపాగి ఎక్కండి” అన్నాడు. మీ ఆయన ఆగే మనిషా? నేను మాత్రం? ఇద్దరం ఎక్కి మీట నొక్కాం. సగంలో ఆగింది.

తలుపు దబదబా బాదాను. మీ ఆయన నా సంచీ మీద కూర్చుని, “ఊరుకో అబ్బాయీ. కొండదారిలో బ్రేకులు పోయిన బస్సులో కూర్చున్నవాణ్ణి నేను. వెనక సీట్లో నెలలు నిండిన మనిషి, పైన మేకలు” అని ఎత్తుకున్నారు. బాదడం ఎప్పుడు మానానో తెలీదు. నేనూ కింద చతికిలబడ్డాను. పైనుంచి మెకానిక్కు ఏదో అడిగితే “ఉండవయ్యా, మేకలు దూకుతున్నాయి” అని కసురుకున్నాను. కాలు నిలవని ఆ మనిషి కథ చెప్పినంతసేపూ వేలు కూడా కదపలేదు. నా కాలూ నిలిచింది. ఈ ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి.

మీరు కంగారుపడతారని ఈ ఉత్తరం మూడో అంతస్తు డాక్టరుగారికి సందులోంచి అందిస్తున్నాను.

ఇట్లు,
మీ ఫిర్యాదులవాడు

తా.క. బాగైపోయిందట, దిగుతున్నాం. బస్సింకా లోయ అంచునే వేలాడుతోంది. బావగారికి చెబుతూ కథ ఆపింది కూడా ఇక్కడేనట. ఎంత బతిమాలినా మిగతాది అన్నయ్య ముందే చెబుతానంటున్నారు. ఆయనకి ముద్ద కలిపి ఉంచండి. నాకొక కుర్చీ వెయ్యండి.