నువ్వు చెప్పిన నాలుగు కేజీలు

వీరవేణీ,

పాలు కాచి మూత పెట్టాను. గేదెకి కుడితి పెట్టేశాను. ఎనిమిదింటికి మోటారు కట్టెయ్యి, మరిచిపోకు. నేను మోకాలి డాక్టరు దగ్గరికి రాజమండ్రి వెళ్తున్నాను. ఒక్కడినే వెళ్తాను. నువ్వు వెనకాల బయలుదేరకు.

మధ్యాహ్నానికి నాకు అన్నం వండొద్దు. రాగిజావ, దోసకాయ ముక్కలు చాలు.

నిన్న కాలవగట్టు మీద నడుస్తూ మిల్లు దాకా పోయి, అక్కడి కాటా ఎక్కాను. ఎనభై ఆరు. మూడు నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. ఇంట్లో కాటా ఎక్కితే బొజ్జ అడ్డమొచ్చి నాకు ముల్లు కనపడదు. ప్రతి సోమవారం నువ్వే వంగి చూసి చెప్పేదానివి. "నాలుగు కేజీలు తగ్గిపోయారండీ, చిక్కి సగమైపోతున్నారు, ఇంకో ముద్ద పెట్టుకోండి" అన్నావు. నేను పెట్టుకున్నాను.

ఐదు కేజీలు తగ్గితే ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. ఇంకొక్క కేజీ తగ్గితే గట్టెక్కుతాననుకున్నాను. ఇవాళ ఆయనకి ఏం చెప్పను?

ముప్ఫై ఏళ్లు ఆ మిల్లులోనే కాటా దగ్గర నిలబడి అంకె పిలిచాను. రైతులు ముల్లు వంక చూడకుండా నా మాట మీద బస్తాలు దించుకున్నారు. నేనూ నీ మాట అలాగే నమ్మాను. జాలిపడి చెప్పావని తెలుసు. అయినా కడుపు మండింది.

సోమవారం మళ్లీ నువ్వే చూడాలి. ఎంతుంటే అంత చెప్పు.