గోడవతలికి వినబడిన నీ సీరియళ్లు

అవ్వా,

నువ్వు పోయాక అనంతపురంలో అద్దె ఇంటికి మారాం. నాయన బస్సు డ్యూటీ దిగి వచ్చేదాకా సాయంత్రాలు నేనొక్కదాన్నే. భయమేసి, టీవీకున్న ఫ్రీ డిష్ బాక్సులో నీకోసం పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసిన సీరియళ్లు పెట్టుకునేదాన్ని, అప్పట్లో నీకు వినబడాలని పెట్టినంత సౌండుతోనే.

"మీ అవ్వకు చెవుడా ఏమి పాపా? సౌండు తగ్గించమను," అనింది ఒకరోజు పక్కింటి అక్క, ఆ సౌండు విని నువ్వు ఇంట్లో ఉన్నావనుకుని.

"చెప్తాలే అక్కా," అన్నాను. ఇంట్లో పెద్దమనిషి ఉందనుకుంటే మంచిదే కదా.

నిన్న నాయన క్రికెట్ రికార్డుకు జాగా లేదని అవన్నీ డిలీట్ చేసేశాడు.

ఈరోజు అక్క గోడ మీంచి తొంగిచూసింది. "ఏమే, సద్దే లేదు. మీ అవ్వ యాడికి పోయినాది?"

"పడుకోనుండాది," అని లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను.