దూడ లేని ఆవును పిండే తీరు

సారా బాపూ,

దూడ సచ్చిందని ఆవును పిండుడు ఆపకు. ఆపితె పొదుగు గడ్డకడ్తది. ముందుగాల కుడితిల తవుడు కలిపి పెట్టు. అది తాగుతున్నప్పుడు గంగడోలు నిమిరి, వేన్నీళ్ల గుడ్డతోటి పొదుగు తుడువు. జరసేపటికి చేపుతది. వెనుక ఎడమ చన్ను వాచింది. దాన్ని ఆఖరుకు పిండి, ఆ పాలు పారబోసి, చేతులు కడుక్కో.

"దూడ తోలుల గడ్డి కూరి ముంగట నిలబెడితెనే పాలిస్తది" అని మీ అవ్వ అంటది. వద్దని చెప్పు. నిన్న నేను ఊకెనే పిండిన, ఇచ్చింది. గా బొమ్మను నేను చూడలేను.

మీ తమ్ముడు ఇస్సాకు బండిల నేను నిర్మల్ పోతున్న. వాని పెండ్లానికి జ్వరమొచ్చి పాలు ఎండిపోయినయట. పసిపిల్లగాడు ఆకలికి ఏడుస్తుండట. "వదినా, మా ఇంట్ల..." అని వాకిట్లనే నిలబడ్డడు. నేనే మూట కట్టుకున్న.

మన చంటిపిల్ల సారాను మట్టిచేసొచ్చిన సంది నాకు ఏడుపొస్తలేదు. పాలు మాత్రం రైకె తడుపుతున్నయి. ఇన్ని దినాలు దొడ్లకు పోయి, ఒక్కదాన్నే పిండి పారబోసిన. నేను చెప్పలే. నువ్వు అడుగలే.

కుండల అంబలి ఉన్నది, తిను.

రాహేలు

దూలానికి కట్టిన ఊయల విప్పకు. అవ్వను గూడ విప్పనియ్యకు. వచ్చినంక నేనే విప్పుత.