అమ్మగారు బేరమాడలేదు

ఎదెల్మీరా, చిక్కుడు గింజలు పొయ్యి మీదే ఉన్నాయి, మాడకుండా చూసుకో. సంచుల్లోని బొగెన్‌విలియా మొక్కలకు ఎండెక్కకముందే నీళ్లు పెట్టు. గ్రసియేలా అమ్మగారు ఎవరిచేతైనా బయానా పంపితే తీసుకోకు. నేను వచ్చేదాకా ఆగమను.

నిన్న ఆవిడ పెరట్లో బండలు పరిచి, చుట్టూ మొక్కలు పెట్టడానికి ధర అడిగింది. ఎలాగూ బేరమాడతారు కదా అని అందరికీ చెప్పినట్టే మూడోవంతు ఎక్కించి చెప్పాను. మెక్సికో నగరం నుంచి కొత్తగా వచ్చిన మనిషి, ఆవిడకేం తెలుసు? "సరే మేస్త్రీ, సోమవారం మొదలుపెట్టండి" అని కాఫీ చేతికిచ్చింది. తగ్గిస్తూ చెప్పాల్సిన మాటలతో పనే పడలేదు.

"ఇస్తానన్న మనిషిని వద్దంటావా, మొద్దు మొహమా! వానలొస్తున్నాయి, ఇంటి కప్పు సంగతేంటి?" అన్నావు. అదీ నిజమే. కానీ రేపు ఆవిడ పక్కింటివాళ్లతో మాట్లాడుతుంది. వాళ్ల పెరడు చేసింది కూడా నేనే. ఎంతకు చేశానో వాళ్లు చెప్పకుండా ఉంటారా? ఆ తర్వాత ఆ వీధిలో నన్ను ఎవరు గేటు దాటనిస్తారు? అది సరే, నమ్మి కాఫీ చేతికిచ్చిన మనిషి దగ్గర ఎక్కువెలా తీసుకోను?

అందుకే ఇప్పుడే వెళ్తున్నాను. "ఎక్కువ చెప్పావు మేస్త్రీ" అని ఒక్కసారి అనమని ఆవిడను బతిమాలుకుంటాను. ఆ మాట అంటే చాలు, తగ్గించేస్తాను.

ఫౌస్తినో

కప్పు ఈ ఏడు వేయలేం. నీ దిండు గోడ వైపు పెట్టాను. కారే వైపు ఇక నేను పడుకుంటాను.