మైకు స్టాండు మీద డ్రైయరు

అక్కా,

ఆదివారం నువ్వు తప్పకుండా రా. కత్తెర మాత్రం నీ పార్లర్‌లోనే వదిలేసి రా. నా జుట్టు కత్తిరించే పని ఇక లేదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. తలస్నానం చేసి కూర్చున్నాను. వెనక నుంచి డ్రైయరు గాలికి కాగితం ఎగురుతుంటే దాని మీద గ్లాసు పెట్టి రాస్తున్నాను. డ్రైయరు ఎవరు పట్టుకున్నారంటావా? ఎవరూ పట్టుకోలేదు.

భుజం పట్టేసి నా చెయ్యి పైకి లేవనప్పటి నుంచి మీ మరిదే పట్టుకునేవారు కదా. ధ్యాసంతా ఫోన్లో, వేడంతా నా చెవి మీద. అది పడలేకే కత్తిరించెయ్యమని నీకు చెప్పాను. ఇవాళ పొద్దున్నే ఆయన, సభల్లో మైకులు అమర్చడానికి తీసుకెళ్లే పాత స్టాండుకి డ్రైయరు బిగించారు. అలవాటు ఎక్కడికి పోతుంది, తిన్నగా నా నోటికెదురుగా పెట్టి, "ఏదీ, ఒకసారి మాట్లాడు" అన్నారు. మాట్లాడబోతే వేడిగాలికి నోరెండిపోయింది. నవ్వీ నవ్వీ ఇద్దరికీ పొట్ట నొప్పెట్టింది. తర్వాత వెనక్కి జరిపి ఎత్తు సరిచేశారు. ఇంత హాయి ఎన్నాళ్లయిందో తెలుసా.

"ఇక మీరు వెళ్లి మీ పని చూసుకోండి" అన్నాను.

"స్టాండు జారితే?" అన్నారు. ఫోను జేబులో పెట్టుకుని ఇప్పటికీ ఇక్కడే నిలబడి ఉన్నారు.

జడ అల్లడానికి మాత్రం ఏ స్టాండూ పనికిరాదు. అందుకే కత్తెర బదులు ఒక రిబ్బను తీసుకురా. నీకో శిష్యుణ్ణి చూసిపెట్టాను. ఆయనకింకా చెప్పలేదు.

నీ పొడుగు జడ చెల్లి